సమయోజనీయ బంధం : పదనిష్పత్తి, అర్థవిచారం, ప్రయోగం

శాస్త్రపరిభాషా విచారం ఆయా శాస్త్రాలవారి పని అని ప్రాచ్యకళాశాలల్లో మనం సాధారణంగా తప్పుకుంటూ ఉంటాం. కాని తెలుగు మాధ్యమంలో రసాయనశాస్త్రం చదివే విద్యార్థి పుస్తకం తెరిస్తే కనిపించే పారిభాషిక పదాల్లో అధికభాగం సంస్కృత ధాతువులకు కృత్తద్ధిత ప్రత్యయాలు చేరి ఏర్పడినవే. వాటికి విగ్రహం చెప్పవలసి వచ్చినప్పుడు రసాయనశాస్త్రాధ్యాపకుడు మనవైపే చూస్తాడు. చెప్పలేకపోతే లోపం మనదే అవుతుంది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక చిన్న ప్రశ్న. మా వీధిలో ఇంటర్మీడియట్ చదివే అబ్బాయి ఒకడు సంస్కృతం పాఠం చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తూ ఉండేవాడు. ఒకనాడు సమాసప్రకరణం నడుస్తుండగా, "మాస్టారూ, సమ అంటే సమానమనే కదా అర్థం? సమయోజనీయ బంధంలో ఎలక్ట్రాన్లను సమంగా పంచుకుంటాయని మేము చదువుకున్నాం. మరి హైడ్రోజన్ క్లోరైడులో క్లోరిన్ వైపు ఋణావేశం ఎందుకు చేరుతుంది? సమంగా పంచుకుంటే ఎక్కువతక్కువలు ఎలా వస్తాయి?" అని అడిగాడు. రసాయనశాస్త్రం తెలిసిన మిత్రులు దీనికి ఋణవిద్యుదాత్మకత మొదలైన వాటితో సమాధానం చెప్పారు. ఆ సమాధానం సరైనదే. కాని పిల్లవాని సందేహం పదార్థవిజ్ఞానానికి సంబంధించినది కాదు, పదానికి సంబంధించినది. పదం ఒకటి చెబుతున్నది, పాఠం మరొకటి చెబుతున్నది. ఈ విరోధం నిజమైనదా, ఆభాసమా అన్నదే ఇక్కడి విచార్యాంశం.

విషయ పరిచయం

పద విచారానికి ముందు పదం చెప్పవలసిన అర్థమేమిటో నిర్ణయించుకోవాలి. ఒక మూలకపు పరమాణువు ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యాన్ని 1852లో ఫ్రాంక్లాండ్ గుర్తించాడు. తరువాత దానికి ఆంగ్లంలో 'వేలన్సీ' అనే పేరు స్థిరపడింది. బలవాచకమైన లాటిన్ పదం దానికి మూలం. తెలుగులో దానినే సంయోజకత అంటున్నాం. పరమాణువులు ఎందుకు కలుస్తాయన్న ప్రశ్నకు 1916లో గిల్బర్ట్ లూయిస్ ఒక సమాధానం ప్రతిపాదించాడు. రెండు పరమాణువులకు చెందిన ఒక ఎలక్ట్రాన్ జంట ఆ రెండింటి మధ్య నిలిచి వాటిని బంధిస్తుందని దాని సారాంశం. 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఈ సిద్ధాంతాన్ని విస్తరిస్తూ 'వేలన్స్' శబ్దానికి సహార్థకమైన 'కో' ఉపసర్గను చేర్చి 'కోవేలన్స్' అనే పదం కల్పించాడు. 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హైడ్రోజన్ అణువుకు క్వాంటమ్ యాంత్రికశాస్త్రాన్ని అన్వయించి, ఆ జంట బంధించే తీరును గణితరీత్యా నిరూపించారు.

ఈ తేదీలు మనకు ఒక విధంగా ముఖ్యమైనవి. 1906లో హైదరాబాదులో నెలకొన్న విజ్ఞానచంద్రికామండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు వెలువరించడం ప్రారంభించిన కాలానికి ఈ భావన లోకంలోనే లేదు. ఆనాటి రచయితలు ఆమ్లజని, ఉదజని, నత్రజని వంటి పేర్లను వాడుకలోకి తెచ్చారు గాని, ఎలక్ట్రాన్ జంట వల్ల కలిగే బంధానికి పేరు పెట్టవలసిన అవసరం వారికి కలగలేదు. ఈ పదం అవసరమయ్యే నాటికి రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, మూలకాల పేర్లను అంతర్జాతీయ రూపాల్లోనే ఉంచి, భావనావాచకాలను మాత్రం అనువదించుకోవాలనే పద్ధతి బలపడింది. 1961లో కేంద్రప్రభుత్వం ఏర్పరచిన శాస్త్రీయ సాంకేతిక శబ్దావళి సంఘం కూడా ఈ పద్ధతినే పాటించింది. రెండవది, 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలస్థాయి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను వెలువరించసాగింది. ఆ విధంగా 'ఆమ్లజని' పోయి ఆక్సిజన్ నిలిచింది. 'కోవేలెంట్ బంధం' మాత్రం సమయోజనీయ బంధమైంది.

సమయోజనీయమా, సంయోజనీయమా?

వ్రాతలోనూ, అప్పుడప్పుడు అచ్చులోనూ ఈ పదానికి రెండు రూపాలు కనిపిస్తున్నాయి. 'సమయోజనీయ' అన్నది అధికప్రచారంలో ఉన్నది. 'సంయోజనీయ' అని వ్రాసేవారూ ఉన్నారు. సున్న పడిపోవడమో, అనవసరంగా చేరడమో అని ఈ భేదాన్ని తేలికగా తీసివేయరాదు. ఈ రెండూ భిన్నపదాలు.

'సమ్' అనే ఉపసర్గ 'యుజ్' ధాతువుతో చేరితే మకారానికి అనుస్వారం వచ్చి 'సంయోజన', 'సంయోగ' రూపాలు ఏర్పడతాయి. వికల్పంగా పరసవర్ణం చేసినా మకారం అనునాసిక యకారమవుతుందే గాని, మధ్యలో అకారం వచ్చే అవకాశం లేదు. కనుక 'సమయోజన' శబ్దంలోని పూర్వపదం ఉపసర్గ కాదు, అకారాంతమైన 'సమ' శబ్దం. 'సంయోజనీయ' అన్న రూపం 'కలపదగిన' అనే సామాన్యార్థాన్ని మాత్రమే ఇస్తుంది. అది అన్ని రసాయన బంధాలకూ వర్తిస్తుంది. సోడియం క్లోరైడులోని అయానిక బంధం కూడా కలిపేదే గదా! ఈ విశిష్ట బంధానికి వ్యావర్తకమైన అంశం, అంటే ఆంగ్లంలోని 'కో', ఆ రూపంలో లోపించింది. అందువల్ల పారిభాషిక పదంగా సమయోజనీయమే గ్రాహ్యం.

అయితే ఇక్కడ ఒక అసౌకర్యం ఉన్నదని ఒప్పుకోవాలి. వేలన్సీకి 'సంయోజకత' అన్నాం. కోవేలన్సీకి 'సమయోజనీయత' అన్నాం. మొదటిదానిలో ఉపసర్గ ఉంది, రెండవదానిలో లేదు. ఒకదానిలో కర్త్రర్థకమైన ణ్వుల్ ప్రత్యయం కనిపిస్తుంది, రెండవదానిలో వేరొకటి. ఆంగ్లంలో ఒక పదం నుండి రెండవది పుట్టిందని చూడగానే తెలుస్తుంది. తెలుగులో ఆ బాంధవ్యం చెదిరిపోయింది. హిందీవారు 'సంయోజకతా', 'సహసంయోజక' అని పదాల చుట్టరికాన్ని నిలుపుకున్నారు. మలయాళంలోనూ 'సహసంయోజక' అన్నదే ఉంది. మరాఠీలో 'సహసంయుజ', తమిళంలో 'సగప్పిణైప్పు' అంటారు. అన్నింటిలోనూ సహ శబ్దమే. పదకల్పన దృష్ట్యా హిందీ పదం మన పదం కంటె సుష్ఠువైనదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. కాని దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో, ప్రశ్నపత్రాల్లో నిలిచిన పదాన్ని ఇప్పుడు మార్చితే కలిగే గందరగోళం దానివల్ల వచ్చే లాభాన్ని మించుతుంది. పదాన్ని మార్చడం కంటె దానికి సరైన అర్థం చెప్పడం మేలు.

'ఈయ' ప్రత్యయం సంగతి

'యోజనీయ' అన్న వెంటనే మనలో చాలామందికి స్ఫురించేది అనీయర్ ప్రత్యయం. కరణీయం, పఠనీయం, దర్శనీయం వలె యోజనీయం. ఇది కృత్యప్రత్యయం గనుక సాధారణంగా కర్మార్థంలోగాని, భావార్థంలోగాని వస్తుంది. అప్పుడు యోజనీయమంటే 'కలపదగినది'. కలపబడేవి పరమాణువులు, బంధం వాటిని కలిపేది. అంటే బంధానికి 'యోజనీయ' విశేషణం కుదరదు. దీనికి పరిహారం లేకపోలేదు. కృత్యప్రత్యయాలు ఇతర కారకార్థాల్లో కూడా బహుళంగా వస్తాయని అష్టాధ్యాయి మూడవ అధ్యాయం మూడవ పాదంలో అనుశాసనం ఉన్నది. స్నానానికి ఉపకరించే చూర్ణాన్ని 'స్నానీయ'మనడం, దానం పుచ్చుకునే విప్రుణ్ణి 'దానీయు'డనడం అందుకు ప్రసిద్ధోదాహరణలు. ఆ మార్గంలో కరణార్థం గ్రహించి, దేనిచేత కలపబడతాయో అది యోజనీయమని చెప్పవచ్చు.

అయితే ఈ మార్గం ఒక్క బంధశబ్దానికే సరిపోతుంది. శాస్త్రగ్రంథాల్లో 'సమయోజనీయ సమ్మేళనం', 'సమయోజనీయ వ్యాసార్ధం' అన్న ప్రయోగాలూ ఉన్నాయి. క్లోరిన్ అణువులో రెండు పరమాణు కేంద్రకాల మధ్య దూరం సుమారు 199 పికోమీటర్లు. అందులో సగం, అంటే దాదాపు 99 పికోమీటర్లు, క్లోరిన్ సమయోజనీయ వ్యాసార్ధం. వ్యాసార్ధం కలపబడేదీ కాదు, కలిపేదీ కాదు. అక్కడ అనీయర్ అర్థం ఏ కారకంలోనూ పొసగదు.

కాబట్టి ఇక్కడి 'ఈయ'ను తద్ధితంగా గ్రహించడమే ఉచితమని నా అభిప్రాయం. ముందుగా భావార్థక ల్యుట్‌తో 'యోజనం', దానితో 'సమ' శబ్దానికి కర్మధారయం చేస్తే 'సమయోజనం' అవుతుంది. దానికి సంబంధించినది 'సమయోజనీయం'. ఛప్రత్యయానికి ఈయాదేశం రావడం తెలిసినదే. సమయోజన శబ్దం వృద్ధసంజ్ఞ గలది కాదు గదా, ఛ ఎలా వస్తుందని వైయాకరణులు అడగవచ్చు. గహాది గణాన్ని ఆకృతిగణంగా గ్రహించే సంప్రదాయం ఉన్నది. ఆధునిక భాషలో జాతీయ, ప్రాంతీయ, రాష్ట్రీయ వంటి రూపాలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ఈ పదాన్ని కల్పించినవారు ఏది ఉద్దేశించినా, తద్ధితపక్షంలో బంధం, సమ్మేళనం, వ్యాసార్ధం మూడింటికీ ఒకే నిర్వచనం సరిపోతుంది. 'సమయోజనీయత' అన్న భావవాచకం కూడా సుగమమవుతుంది.

'సమ' శబ్దార్థం

అసలు చిక్కు పూర్వపదంలో ఉన్నది. తెలుగువానికి సమ అనగానే తోచేది పరిమాణసామ్యం. సమభాగం, సమబాహు త్రిభుజం, సమన్యాయం. పిల్లవాని సందేహానికి మూలం ఇదే. కాని సమ, సమాన శబ్దాలకు 'ఉభయులకు చెందిన ఒక్కటి' అనే అర్థం కూడా ప్రయోగసిద్ధం. సమకాలీనులంటే ఒకే కాలంలో ఉన్నవారు. చెరిసమంగా కొలిచిన రెండు కాలాలు గలవారని ఎవరూ అర్థం చెప్పరు. సమానోదర్యులు ఒకే గర్భాన జన్మించినవారు. వారినే సహోదరులనీ అంటాం. ఇక్కడ సమాన శబ్దం, సహ శబ్దం ఒకే పని చేస్తున్నాయి. నీలోత్పలశబ్దంలో సామానాధికరణ్యం చెప్పేటప్పుడు రెండు పదాలకు ఆశ్రయం ఒక్కటేనని అంటాం గాని, రెండు ఆశ్రయాలు ఒకే కొలతలో ఉన్నాయని అనం. అమరసింహుడు అవ్యయవర్గంలో 'సమం' అనేదాన్ని సాకం, సార్ధం, సహ అనే వాటి సరసనే చెప్పాడు. విశేష్యనిఘ్న శబ్దాల్లో సమ, తుల్య, సదృశ శబ్దాలతో సాధారణ శబ్దాన్ని కూడా పరిగణించాడు గాని, అక్కడి సాధారణ శబ్దం సాదృశ్యార్థంలోనిదని వాదించవచ్చు గనుక దానిని నేను ఆధారం చేసుకోవడం లేదు. సమకాలీన, సమానోదర్య ప్రయోగాలే చాలు.

ఈ అర్థంలో సమయోజనమంటే 'ఉభయసాధారణమైనదాని ద్వారా కలయిక'. ఎలక్ట్రాన్ జంట ఒక్కటి. అది రెండు పరమాణువులకూ చెందినది. తుల్యత్వప్రసక్తి ఇందులో లేనేలేదు. 'ధ్రువీయ సమయోజనీయ బంధం' అన్న పదబంధంలో విరోధం తొలగిపోతుంది. హైడ్రోజన్ క్లోరైడు విషయమే చూద్దాం. పౌలింగ్ 1932లో ప్రతిపాదించిన ఋణవిద్యుదాత్మకతా మానంలో, ఇప్పుడు వాడుకలో ఉన్న విలువల ప్రకారం, హైడ్రోజన్‌కు 2.20, క్లోరిన్‌కు 3.16. క్లోరిన్ ఆ జంటను తనవైపు ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఫలితంగా ఆ అణువుకు 1.08 డిబై ద్విధ్రువ భ్రామకం ఏర్పడుతుంది. పూర్తిగా ఒక ఎలక్ట్రాన్ క్లోరిన్‌కు వెళ్ళిపోయి ఉంటే ఉండవలసిన భ్రామకంలో ఇది సుమారు 18 శాతం మాత్రమే. జంట ఉభయులదే, మొగ్గు ఒకరివైపు. ఒకే మూలకపు పరమాణువులు కలిసిన హైడ్రోజన్, క్లోరిన్ వంటి అణువుల్లో మాత్రమే మొగ్గు లేకుండా ఉంటుంది. 'సమంగా' అన్న వర్ణన వాటికి చెల్లుతుంది. బంధలక్షణంగా చెప్పడానికి చెల్లదు.

'పంచుకొను' అనే క్రియ

పదానికి పట్టిన దోషం ఇంతటితో పోదు. పదం కంటె దానికి ఇచ్చే నిర్వచనంలో చిక్కు ఎక్కువగా ఉన్నది. 'ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే బంధం' అని పాఠ్యపుస్తకాల్లో చెబుతారు. తెలుగులో పంచుకోవడమంటే ఏమిటి? అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటే వేరుపడ్డారని అర్థం. పంపకం జరిగిన తరువాత ఎవరి చెక్క వారిది. పండ్లు పంచుకున్నా, నగలు పంచుకున్నా ఇదే పద్ధతి. కష్టసుఖాలు పంచుకోవడమన్న ప్రయోగంలో విభజనార్థం లేదు, అది నిజమే. అయితే అక్కడ కర్మ అమూర్తం, లెక్కకు అందనిది. లెక్కపెట్టదగిన వస్తువు కర్మగా ఉన్నప్పుడు ఈ క్రియ విభాగాన్నే బోధిస్తుంది. ఎలక్ట్రాన్లను విద్యార్థి లెక్కపెట్టే నేర్చుకుంటాడు గనుక అతని మనస్సులో మెదిలేది పంపకమే. రసాయన బంధంలో జరిగేది దానికి సరిగా విరుద్ధం.

ఒక లెక్కతో ఇది తేటపడుతుంది. క్లోరిన్ పరమాణువు బాహ్యకక్ష్యలో 7 ఎలక్ట్రాన్లుంటాయి. రెండు పరమాణువులకు కలిపి 14. పంచుకుంటే ఎవరి 7 వారికే మిగులుతాయి, అష్టకం ఏర్పడదు. కాని క్లోరిన్ అణువులో ప్రతి పరమాణువు చుట్టూ 8 ఉన్నాయని పాఠం. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. ఉన్నవి పద్నాలుగే. ఈ రెండు ఎక్కడినుండి వచ్చాయి? మధ్యనున్న జంటను రెండువైపులా సంపూర్ణంగా లెక్కించడం వల్ల వచ్చాయి. తలా ఒక ఎలక్ట్రాన్ అని కాదు. జంట మొత్తం ఇటూ, జంట మొత్తం అటూ. ఈ లెక్క పంపకపు భాషలో ఎన్నటికీ తేలదు.

ధర్మశాస్త్రం చదివినవారికి మాత్రం ఇది చిరపరిచితమైన లెక్క. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను అనుసరించే సంప్రదాయంలో, విభాగానికి పూర్వం కుటుంబద్రవ్యం మొత్తంమీద ప్రతి దాయాదికీ స్వత్వం ఉంటుంది. ఒకని స్వత్వం మరొకని స్వత్వానికి అడ్డురాదు. రెండూ సమగ్రద్రవ్యాన్ని వ్యాపించి ఉంటాయి. దీనినే సాముదాయిక స్వత్వమంటారు. వంగదేశీయుడైన జీమూతవాహనుడు తన దాయభాగంలో దీనిని అంగీకరించలేదు. ప్రతివానికీ ఒక అంశమీదనే స్వత్వం మొదటినుండి ఉంటుందనీ, అది ఏ అంశమో విభాగం వల్ల వ్యక్తమవుతుందనీ ఆయన పక్షం. ఇది ప్రాదేశిక స్వత్వం. 'పంచుకోవడం' అన్న క్రియతో సమయోజనీయ బంధాన్ని చెప్పేవారు తెలియకుండానే దాయభాగపక్షంలో నిలుస్తున్నారు. అష్టకం లెక్క నిలవాలంటే మితాక్షరాపక్షమే కావాలి. మితాక్షర మన ప్రాంతపు వ్యవహారానికి ఆధారగ్రంథం. దానిని పదమూడవ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరీయమనే పేర తెలుగు చేశాడు. ఆంధ్రభాషాభూషణకర్త కూడా ఆయనే గనుక, భాషకూ దాయానికీ సంబంధించిన ఈ ప్రశ్న ఆయనకు కొత్తగా తోచకపోవచ్చునేమో!

ఈ పోలిక ధ్రువీయ బంధానికి కూడా కొంతదూరం వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో స్వత్వం అందరిదీ అయినా అనుభవం అందరికీ ఒకే మేర ఉండనక్కరలేదు. ఇంటి పెద్దకొడుకు పై చేయిగా ఉన్నంత మాత్రాన ఆస్తి ఉమ్మడి కాకపోదు. క్లోరిన్ అటువంటి పెద్దకొడుకు. ఇంతవరకే ఈ పోలిక. బంధాల్లో సమయోజనీయ స్వభావం, అయానిక స్వభావం అంతరాలు అంతరాలుగా మారుతూ ఉంటాయి; ఇంత శాతం ఇది, ఇంత శాతం అది అని చెప్పవచ్చు. స్వత్వానికి ధర్మశాస్త్రంలో అలాంటి శాతాలు లేవు. అంతేకాక, కుటుంబద్రవ్యంలో ఈ నగ ఫలానావారు తెచ్చినదని గుర్తించవచ్చు. బంధంలోని రెండు ఎలక్ట్రాన్లలో ఏది ఏ పరమాణువునుండి వచ్చినదో గుర్తించడం సూత్రప్రాయంగానే అసాధ్యం. హైట్లర్, లండన్‌ల గణనలో బంధశక్తికి ఈ అభేద్యతే ప్రధానకారణంగా తేలింది.

దాత, స్వీకర్త

సమయోజనీయ బంధంలో ఒక ప్రత్యేక భేదం ఉన్నది. బంధంలోని రెండు ఎలక్ట్రాన్లూ ఒకే పరమాణువునుండి వస్తే దానిని సమన్వయ సమయోజనీయ బంధమంటున్నారు. అమోనియా అణువులోని నైట్రోజన్ మీద బంధంలో పాల్గొనని ఒక ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. దీనిని 'ఒంటరి జంట' అని వ్యవహరిస్తున్నారు. జంటగా ఉన్నది ఒంటరి ఎలా అవుతుందని నవ్వుకోవచ్చు గాని, ఆంగ్లంలోనూ అదే విడ్డూరం ఉన్నది. ఆ జంటను ఆశ్రయించి ఒక హైడ్రోజన్ అయాన్ వచ్చి చేరితే అమోనియం అయాన్ ఏర్పడుతుంది. నైట్రోజన్‌ను దాత అనీ, హైడ్రోజన్ అయాన్‌ను స్వీకర్త అనీ అంటారు.

దానమంటే మన శాస్త్రాల్లో తన స్వత్వం తొలగి పరుని స్వత్వం ఏర్పడడం. అలాగైతే జంటను ఇచ్చిన నైట్రోజన్‌కు అష్టకం చెడాలి. చెడదు. ఇచ్చిన తరువాత కూడా నైట్రోజన్ చుట్టూ 8 ఎలక్ట్రాన్లు యథాపూర్వంగా లెక్కకు వస్తాయి. అమోనియం అయాన్‌లోని నాలుగు బంధాలూ ఏకరూపంగానే ఉంటాయి. దానం వల్ల వచ్చినది ఏదో తరువాత గుర్తించలేం. నిజమైన దానానికి దగ్గరగా ఉండేది సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు వదిలివేసే అయానిక బంధం. ఈ సమన్వయబంధానికే ఆంగ్లంలో 'డేటివ్' బంధమనే పేరు కూడా ఉన్నది. పాశ్చాత్యులు తమ వ్యాకరణాల్లో చతుర్థీ విభక్తిని పిలిచేదీ ఆ పేరుతోనే. ఉతకడానికి రజకునికి వస్త్రాలు ఇచ్చేటప్పుడు స్వత్వం పోదు గనుక అక్కడ సంప్రదానసంజ్ఞ లేదనీ, షష్ఠి ప్రయోగించాలనీ ఒక వ్యాకరణసంప్రదాయం. ఆ లెక్కన అమోనియం అయాన్‌లోని 'డేటివ్'కు చతుర్థి చెల్లదు, షష్ఠియే శరణ్యం! అయినా దాత శబ్దాన్ని ఇప్పుడు తొలగించమని నేను అనను. దానికంటె 'తన జంటను ఉమ్మడిలో పెట్టినది' అని ఒక్క వాక్యంలో వివరించడం సులభం.

వైశేషికంతో పోలిక విషయంలో జాగ్రత్త

పరమాణు ప్రస్తావన రాగానే మనలో కొందరికి వైశేషికం గుర్తుకు వస్తుంది. తర్కసంగ్రహం మన కళాశాలల్లో పాఠ్యగ్రంథం. దాని కర్త అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. పరమాణుద్వయ సంయోగం వల్ల ద్వ్యణుకం, ద్వ్యణుకాల వల్ల త్ర్యణుకం అని చదివిన విద్యార్థికి హైడ్రోజన్ అణువు ద్వ్యణుకంలా తోచడం సహజమే. అయితే వైశేషికులకు సంయోగం ఇరవైనాలుగు గుణాల్లో ఒకటి. బంధకారణమైన ఎలక్ట్రాన్ జంట గుణం కాదు, ద్రవ్యకోటిలోనిది. సమవాయం నిత్యసంబంధం, హైడ్రోజన్ అణువులోని బంధాన్ని మోల్‌కు 436 కిలోజౌళ్ళ శక్తితో విడగొట్టవచ్చు. రెంటిలో ఏదీ సమయోజనీయ బంధానికి పర్యాయం కాదు. సంయోగం ఒక్కటే అయి రెండు ద్రవ్యాలను ఆశ్రయించి ఉంటుందన్న అంశాన్ని, ఉభయాశ్రితమైన జంటను వివరించడానికి దృష్టాంతంగా వాడుకోవచ్చు. పై మితాక్షరా దృష్టాంతమూ అంతే. విజ్ఞానేశ్వరునికి గాని, కణాదునికి గాని ఎలక్ట్రాన్ తెలుసునని చెప్పడం వారికీ గౌరవం కాదు, మనకూ కాదు.

నిర్వచనం విషయం

ఇక మిగిలినది తరగతిగదిలో చెప్పవలసిన వాక్యం. హిందీ పాఠాల్లో ఎలక్ట్రాన్ల 'సాఝేదారీ' అంటారు. సాఝా అంటే ఉమ్మడి. తెలుగులో ఆ అర్థానికి చక్కని దేశ్యపదం మనకు సిద్ధంగా ఉన్నది. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి అన్నప్పుడు పల్లెటూరి పిల్లవానికి కూడా సందేహం ఉండదు. ఉమ్మడి గోడ రెండు ఇళ్ళకూ పూర్తిగా గోడే. సగం గోడ ఇటు, సగం గోడ అటు అని ఎవరూ అనుకోరు. దానిని ఆనుకొని ఒక ఇల్లు పెద్దది, ఒక ఇల్లు చిన్నది కావచ్చు.

కనుక 'రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా కలిగి ఉండడం వల్ల వాటి మధ్య ఏర్పడే బంధం సమయోజనీయ బంధం' అని నిర్వచించవచ్చు. రెండు జంటలు ఉమ్మడి అయితే ద్విబంధం, మూడైతే త్రిబంధం. 'సమంగా', 'పంచుకొని' అన్న రెండు మాటలూ ఇందులో లేవు. విగ్రహం చెప్పవలసివస్తే 'సమం సాధారణం యోజనం సమయోజనం, తత్సంబంధి సమయోజనీయం' అని చెప్పవచ్చు. ఈ నిర్వచనాన్ని మొదట ప్రశ్న అడిగిన ఆ అబ్బాయికే చెప్పి చూశాను. క్లోరిన్ అణువు బొమ్మ గీసి, మధ్యనున్న రెండు చుక్కల చుట్టూ రెండు వలయాలను ఒకదానిమీదికి ఒకటి వచ్చేటట్లు గీశాడు. ఒక్కొక్క వలయంలో ఎనిమిదేసి చుక్కలు లెక్కపెట్టుకున్నాడు. తరువాత హైడ్రోజన్ క్లోరైడు బొమ్మ వేసి, ఉమ్మడి చుక్కలు రెంటినీ కొంచెం క్లోరిన్ వైపు జరిపి, "గోడ మాత్రం ఉమ్మడిదే కదండీ" అన్నాడు.